నీటిని లెక్కగట్టిన మహనీయుడు

నంది కొండల చుట్టుపక్కల నేల ఎత్తైనది. ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, చిత్రావతి, పాపఘ్ని, పాలారు, అర్కావతి వంటి నదులు ఈ కొండల పరిసరాలలోనే పుట్టాయి. ఇన్ని నదులకు పుట్టినిల్లయినా ఈ ప్రాంతంలో ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేదు. బాగేపల్లి పక్కనుంచి పోయే చిత్రావతిలో వానలు కురిసినప్పుడు నీరు కనిపిస్తుంది. తక్కిన కాలమంతా ఇసుకే కనిపిస్తుంది. అందువల్ల చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి ప్రాంతాల రైతులు అనాదిగా చెరువులను, బావులను నమ్ముకొని బ్రతికారు. చెరువు నిండి మరవ పారిన ఏడు పండుగ. చెరువు ఎండిన ఏడు పస్తు. ఎంత నీరుంది, అది ఎన్నాళ్ళు వస్తుంది, ఎన్ని మళ్ళకు సరిపోతుంది అనే లెక్క ఇక్కడ ప్రతి ఇంటికీ అవసరమైన లెక్క.

ఇటువంటి నేల మీద పుట్టి, నీటిని లెక్కగట్టే విద్యలో దేశానికే మార్గదర్శి అయిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

చిక్కబళ్ళాపురానికి కొద్ది దూరంలో, నంది కొండల నీడలో ముద్దేనహళ్ళి అనే చిన్న గ్రామం ఉంది. 1860వ దశకం తొలినాళ్ళలో ఒక సెప్టెంబరు 15వ తేదీన విశ్వేశ్వరయ్య ఆ గ్రామంలో జన్మించారు. ఆనాడు ఆ ఊరు మైసూరు సంస్థానంలోని కోలారు జిల్లాలో ఉండేది. 2007లో చిక్కబళ్ళాపురం ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. ఆయన తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ. వారిది తెలుగు కుటుంబం. వారి పూర్వికులు నేటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం గ్రామం నుండి వలస వచ్చినవారు. ఆ ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచింది.

విశ్వేశ్వరయ్య ప్రాథమిక విద్య చిక్కబళ్ళాపురంలో సాగింది. చిన్న వయసులోనే ఆయన తండ్రిని పోగొట్టుకొన్నారు. కుటుంబానికి ఆస్తిపాస్తులు లేవు. అయినా తల్లి కొడుకు చదువు మాన్పించలేదు. మేనమామ రామయ్య బెంగుళూరులో ఉండేవారు. ఆయన అండతో విశ్వేశ్వరయ్య బెంగుళూరు చేరి వెస్లియన్ మిషన్ ఉన్నత పాఠశాలలోను, తరువాత సెంట్రల్ కళాశాలలోను చదివారు. తన చదువుకు కావలసిన డబ్బు కోసం పిల్లలకు ఇంటివద్ద పాఠాలు చెప్పేవారు. 1881లో బి.ఎ. పట్టా పొందారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో పూనాలోని సైన్సు కళాశాలలో ఇంజనీరింగు అభ్యసించి, 1883లో ప్రథముడుగా ఉత్తీర్ణులయ్యారు. మరుసటి సంవత్సరం బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్సు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా ఉద్యోగంలో చేరారు.

ఆయన ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం నీటితోనే గడిచింది. సింధు రాష్ట్రంలోని సుక్కూరు పట్టణం సింధు నది ఒడ్డునే ఉన్నా, అక్కడివారికి త్రాగడానికి మంచి నీరు లేదు. నది నీరు బురద. దానిని వడకట్టే పెద్ద కట్టడాలకు డబ్బు లేదు. విశ్వేశ్వరయ్య నది అంచున ఇసుకలోనే బావి తవ్వించారు. ఇసుక పొరల గుండా ఊరి వచ్చిన నీరు తేటగా ఉంది. ప్రకృతి ఉచితంగా చేసిపెట్టే పనిని గుర్తించి వాడుకోవడం ఆయన పద్ధతి.

పూనా నగరానికి ఖడక్‌వాస్లా జలాశయం నుండి నీరు వచ్చేది. వానకాలంలో జలాశయం నిండి ఎక్కువైన నీరు అలుగు మీదుగా పారిపోయేది. ఎండకాలం వచ్చేసరికి నీరు చాలేది కాదు. ఆనకట్టను ఎత్తు చేద్దామంటే ఖర్చు ఎక్కువ. పాత కట్టడం అంత బరువును ఓర్చుకొంటుందా అన్న సందేహం కూడా ఉంది. విశ్వేశ్వరయ్య ఆనకట్టను ముట్టుకోలేదు. అలుగు మీద 8 అడుగుల ఎత్తున తలుపులు అమర్చే ఏర్పాటు చేశారు. నీరు నిర్ణీత మట్టానికి చేరేవరకు ఆ తలుపులు మూసుకొని ఉంటాయి. ఆ మట్టం దాటగానే వాటంతట అవే తెరుచుకొని ఎక్కువైన నీటిని వదలిపెడతాయి. నీరు తగ్గగానే మళ్ళీ మూసుకొంటాయి. 1903లో అమర్చిన ఈ తలుపులకు ఆయన హక్కుపత్రం పొందారు. తరువాత గ్వాలియరు సమీపంలోని తిగ్రా ఆనకట్టకు, కృష్ణరాజసాగరానికి కూడా ఇటువంటి తలుపులు అమర్చారు.

ఎనిమిది అడుగులు అంటే చాలా తక్కువగా తోస్తుంది. ఆ కొద్దిపాటి ఎత్తు వల్ల ఒక నగరానికి ఏమంత మేలు జరుగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు గణితంలో ఉంది.

కుమ్మరి సారె మీద మట్టిముద్ద తిరుగుతుంది. కుమ్మరి చేయి ఒక పక్కనే ఆని ఉంటుంది. చేతి వంపు ఒక గీత. ఆ గీత చుట్టూ తిరగడం వల్ల కుండ ఆకారం ఏర్పడుతుంది. ఇదే విధంగా ఒక దీర్ఘచతురస్రాన్ని దాని అంచు చుట్టూ త్రిప్పితే గుండ్రని బావి వంటి స్థూపం వస్తుంది. అర్ధవృత్తాన్ని దాని వ్యాసం చుట్టూ త్రిప్పితే గోళం వస్తుంది. నిట్టనిలువు గీత చుట్టూ ఒక ఏటవాలు గీతను త్రిప్పితే శంకువు వస్తుంది. ఇలా త్రిప్పగా ఏర్పడే వాటిని భ్రమణ ఘనాకృతులు అంటారు. వీటిని అడ్డంగా ఎక్కడ కోసినా వృత్తమే కనిపిస్తుంది.

బావిలో నీటిని లెక్కించడం సులభం. అడుగు నుండి పైదాకా వెడల్పు ఒక్కటే కనుక, వృత్త వైశాల్యాన్ని లోతుతో గుణిస్తే చాలు. మొన క్రిందికి ఉన్న శంకువు ఆకారపు గుంటలో అలా కుదరదు. దాని వెడల్పు అడుగడుగునా మారుతుంది. అప్పుడు ఆ నీటిని పలుచని పొరలుగా ఊహించాలి. ఒక్కొక్క పొర ఒక్కొక్క గుండ్రని బిళ్ళ. లోతును పది సమాన పొరలుగా విభజిస్తే, వాటి పై అంచుల వ్యాసార్థాలు క్రిందనుండి వరుసగా 1, 2, 3 అంటూ 10 వరకు పెరుగుతాయి. వైశాల్యం వ్యాసార్థపు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక పొరల పరిమాణాలు 1, 4, 9 అంటూ 100 వరకు పెరుగుతాయి. వీటి మొత్తం 385. అదే లోతు, అదే పైవెడల్పు ఉన్న బావిలో పది పొరలూ నూరేసి చొప్పున ఉంటాయి కనుక దాని మొత్తం 1000. అంటే శంకువు బావిలో వెయ్యింట 385 వంతులన్నమాట. కాని ప్రతి పొరను దాని పై అంచు వెడల్పుతోనే లెక్కించాము కనుక ఇది అసలు కంటె కొంచెం ఎక్కువ. పొరలను నూరు చేస్తే వెయ్యింట సుమారు 338 వంతులు వస్తుంది. వెయ్యి పొరలు చేస్తే సుమారు 334 వంతులు వస్తుంది. పొరలు పలుచనైనకొద్దీ ఈ లెక్క సరిగా మూడవ వంతుకు దగ్గరవుతుంది. ఈ విధంగా అతి పలుచని పొరలను లెక్కలేనన్నిగా కూడి మొత్తాన్ని కనుగొనే గణిత విధానమే సమాకలనం. పదిహేడవ శతాబ్దిలో న్యూటన్, లైబ్నిట్జ్ దీనిని క్రమమైన శాస్త్రంగా తీర్చారు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే గ్రీకు దేశపు ఆర్కిమెడీస్, మన దేశపు భాస్కరాచార్యుడు గోళపు ఘనపరిమాణాన్ని సరిగా కనుగొన్నారు.

ఈ లెక్క మరొక సంగతి కూడ చెబుతుంది. శంకువు ఆకారపు గుంటలో సగం లోతు వరకు నీరుంటే, గుంట సగం నిండిందని అనుకొంటాము. నిజానికి అందులో ఎనిమిదవ వంతు నీరే ఉంటుంది. తక్కిన ఏడు వంతులూ పై సగంలోనే పడతాయి. లోతును అయిదు భాగాలు చేస్తే, అన్నిటికంటె పైనున్న ఒక్క భాగంలోనే ఇంచుమించు సగం నీరు ఉంటుంది.

కొండల నడుమ ఏర్పడిన జలాశయం చక్కని శంకువు కాదు. దానిని అడ్డంగా కోస్తే వృత్తం కనిపించదు. లోయల వంపులను బట్టి వంకరటింకర ఆకారాలు కనిపిస్తాయి. అటువంటి దానికి సూత్రం దొరకదు. పొరల పద్ధతి మాత్రం పనికి వస్తుంది. ఇంజనీర్లు నేలను కొలిచి, ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలుపుతూ పటం మీద గీతలు గీస్తారు. ఒక్కొక్క గీత లోపలి వైశాల్యాన్ని కనుగొని, రెండు గీతల నడుమనున్న ఎత్తుతో గుణించి, పొర తరువాత పొరను కూడుతారు. జలాశయం పైకి పోయినకొద్దీ విశాలమవుతుంది. అందుచేతనే పైనున్న కొన్ని అడుగులలో అడుగున ఉన్న ఎన్నో అడుగులకంటె ఎక్కువ నీరు నిలుస్తుంది. ఖడక్‌వాస్లాలో 8 అడుగుల తలుపుల విలువ ఇదే.

1908లో విశ్వేశ్వరయ్య బొంబాయి ప్రభుత్వ ఉద్యోగాన్ని వదలుకొని విదేశ పర్యటనకు వెళ్ళారు. ఆ సంవత్సరం సెప్టెంబరు 28న హైదరాబాదు నగరంలో ఘోరమైన విపత్తు సంభవించింది. మూసీ నది పొంగి నగరం మీద పడింది. వంతెనలు మునిగిపోయాయి. వీధులకు వీధులు కొట్టుకుపోయాయి. వేలాదిమంది మరణించారు. అఫ్జల్‌గంజ్ ఉద్యానవనంలోని ఒక చింతచెట్టు ఎక్కి కొందరు ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ చెట్టు నేటికీ ఆ విషాదాన్ని గుర్తుచేస్తూ ఉంటుంది. నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య సహాయం కోరింది. ఆయన 1909లో హైదరాబాదు చేరుకొన్నారు.

అందరూ కన్నీటితో తలచుకొంటున్న వరదను ఆయన అంకెలలో పరిశీలించారు. ఎంత వాన కురిసింది? ఎంత నేల మీద కురిసింది? ఆ నీరు ఎక్కడ ఆగింది? ఎక్కడ ఆగలేదు? ఒక చదరపు మైలు నేల మీద ఒక అంగుళం వాన పడితే 23 లక్షల 23 వేల 200 ఘనపు అడుగుల నీరు చేరుతుంది. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాల వాన కురిసింది. అంటే ఆ చోట ఒక్కొక్క చదరపు మైలు మీద పడిన నీరు 2 కోట్ల 97 లక్షల ఘనపు అడుగులకు పైమాటే. నగరానికి ఎగువన మూసీలోకి నీరు చేరే ప్రదేశం 862 చదరపు మైళ్ళు. ఆ ప్రదేశంలో 788 చెరువులు ఉండగా వాటిలో 221 తెగిపోయాయి. ఎగువ చెరువు తెగితే ఆ నీరంతా దిగువ చెరువు మీద పడుతుంది. అది కూడా తెగుతుంది. చెరువుల గొలుసు ఒక్కొక్క కొక్కెమే ఊడిపోయినట్లయింది. వరద ఉద్ధృతంగా ఉన్నప్పుడు నదిలో సెకనుకు 4 లక్షల 25 వేల ఘనపు అడుగుల నీరు పారిందని లెక్క తేలింది. ఇరవై అడుగుల వ్యాసము, ఏబది అడుగుల లోతు ఉన్న నిండు బావిలో సుమారు 15,700 ఘనపు అడుగుల నీరు ఉంటుంది. సెకనుకు అటువంటి బావులు ఇరవై ఏడు వచ్చి ఊరిమీద బోర్లించినట్లు ఊహించుకొంటే ఆనాటి భయం కొంత తెలుస్తుంది.

లెక్క తేలిన పిమ్మట మార్గం కనిపించింది. వరదను నగరంలో ఆపడం సాధ్యం కాదు. నగరానికి ఎగువనే దానికి చోటు చూపాలి. మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయాలు నిర్మించాలని విశ్వేశ్వరయ్య సూచించారు. నగరంలో నది గట్లను ఎత్తు చేసి ఉద్యానవనాలు పెంచాలని, మురుగునీరు పోయే ఏర్పాటు చేయాలని చెప్పారు. జలాశయంలో ఎంత నీరు నిలపాలి అన్నది ఒక లెక్క. అనుకోని వరద కోసం ఎంత చోటు ఖాళీగా ఉంచాలి అన్నది మరొక లెక్క. ఈ రెండవ లెక్క మీదనే నగరవాసుల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. ఆయన సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఊరిని ముంచిన నదులే ఊరికి త్రాగునీరు ఇచ్చాయి.

1909 చివరలో విశ్వేశ్వరయ్య మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజనీరుగా వచ్చారు. కావేరి నదిపై కన్నంబాడి వద్ద పెద్ద ఆనకట్ట కట్టాలన్నది ఆయన సంకల్పం. 41.5 టి.ఎం.సి.ల, అనగా 4,150 కోట్ల ఘనపు అడుగుల నీటిని నిలపాలని మైసూరు ప్రభుత్వం తలపెట్టింది. దిగువనున్న మద్రాసు ప్రభుత్వం తమ రైతులకు నీరు తగ్గుతుందని అభ్యంతరం చెప్పింది. చివరకు 11 టి.ఎం.సి.లకు మాత్రమే సమ్మతించింది. 1911లో పని మొదలయింది. పునాదిని మాత్రం మొదట తలపెట్టిన పూర్తి నిల్వకు తగినట్లే వేశారు. ఉభయ ప్రభుత్వాల వివాదం 1924లో జరిగిన ఒప్పందం వరకు సాగింది. 1930వ దశకం తొలినాళ్ళకు ఆనకట్ట పూర్తయింది. సిమెంటుకు బదులు సున్నము, సుర్కీ కలిపిన గచ్చుతో దానిని కట్టారు. నాటి మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు పేరుతో అది కృష్ణరాజసాగరమయింది.

కృష్ణరాజసాగరపు పూర్తి నీటిమట్టం 124.8 అడుగులు. అప్పుడు అందులో 49 టి.ఎం.సి.లకు పైగా నీరుంటుంది. నీటిమట్టం 100 అడుగులకు తగ్గినప్పుడు నిల్వ సగానికంటె తక్కువకు పడిపోతుంది. ఎత్తులో అయిదవ వంతు తగ్గితే నీటిలో సగానికి పైగా తగ్గడం చూచి చాలామంది ఆశ్చర్యపడతారు. పొరల లెక్క తెలిసినవారికి అందులో వింత లేదు.

ఈ లెక్కకు మరొక పక్క కూడ ఉంది. పై పొరలు విశాలమైనకొద్దీ మునిగే నేల కూడ పెరుగుతుంది. పాత కన్నంబాడి గ్రామము, అక్కడి వేణుగోపాలస్వామి ఆలయము నీట మునిగాయి. పొలాలను, ఇళ్ళను విడిచి ఎందరో మరొక చోటికి తరలిపోయారు. మండ్య ప్రాంతపు పచ్చని చెరకు తోటల వెనుక వారి త్యాగం కూడ ఉన్నదని మరువరాదు.

విశ్వేశ్వరయ్య 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేశారు. ఆ కాలంలో 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కళాశాల వెలిశాయి. భద్రావతి ఇనుము కర్మాగారానికి ఆయన కృషి ఊపిరి పోసింది. నీటిని కొలిచినట్లే దేశ సంపదను కూడ కొలిచి, ప్రణాళిక ప్రకారం పెంచాలని ఆయన భావించారు. 1934లో భారతదేశపు ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థను గురించి ఒక గ్రంథం ప్రచురించారు. 1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్న బిరుదుతో సత్కరించింది.

నూరేళ్ళు దాటి జీవించిన ఆ మహనీయుడు 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. ఆయన సమాధి పుట్టిన ఊరు ముద్దేనహళ్ళిలోనే ఉంది. ఆయన నివసించిన ఇంటి చోట స్మారక ప్రదర్శనశాల వెలసింది. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నారు.

ముద్దేనహళ్ళి చుట్టుపక్కల చెరువులలో పూడిక చేరినప్పుడు కట్ట ఎత్తు తగ్గదు, పైనుండి చూస్తే నీరు ఎప్పటివలెనే మెరుస్తుంది. కాని అడుగు పొరలు మట్టితో నిండిపోయి ఉంటాయి. ఎండకాలం రాగానే ఆ లోటు బయటపడుతుంది. కంటికి కనిపించే వెడల్పును చూచి తృప్తిపడక, కనిపించని లోతును కూడ కొలవాలని విశ్వేశ్వరయ్య జీవితం బోధిస్తుంది. బడిలో నేర్చే గణితం పరీక్షతో ముగిసిపోయేది కాదు. దానిని శ్రద్ధగా నేర్చినవారి చేతిలో అది ఒక ఊరి దాహం తీరుస్తుంది, మరొక ఊరిని వరద నుండి కాపాడుతుంది.